టూంబ్ రైడర్ రీమాస్టర్: "పాత సరుకుకి కొత్త రంగు" అనే మాటకు జవాబు

టూంబ్ రైడర్ మొదటి మూడు గేమ్‌లను కలిపి 2024 ఫిబ్రవరి 14న ఆస్పైర్ సంస్థ కొత్త గ్రాఫిక్స్‌తో మళ్లీ విడుదల చేసింది, దీన్నే రీమాస్టర్ అంటారు. అప్పటినుంచి ఒక మాట తెగ షేర్ అవుతోంది. దాని సారాంశం ఇది: పాత సరుకుకి రంగు పూసి మళ్లీ అమ్ముతున్నారు. చెత్త కంట్రోల్స్ బాగుచేసే ఓపిక కూడా వాళ్లకు లేదు. పాత గేమ్ ఎలాగూ ఊరికే దొరుకుతుంది కాబట్టి దీనికి డబ్బులు పెట్టడం దండగ. పైగా మొదట్లోనే ఒక హెచ్చరిక పెట్టి గేమ్‌ను సెన్సార్ చేశారు. వినడానికి బాగానే ఉంది. ఒక్కో ముక్కా తీసి చూస్తే మాత్రం ఏదీ నిలబడదు.

ముందుగా రంగు సంగతి. ఈ గేమ్‌లో ఒక బటన్ నొక్కితే బొమ్మ 1996 నాటి రూపానికి వెళ్లిపోతుంది, మళ్లీ నొక్కితే కొత్త రూపం వస్తుంది. పీసీలో అయితే ఎఫ్1. ఇది మెనూలోకి వెళ్లి మార్చుకునే సెట్టింగ్ కాదు, ఆట మధ్యలోనే మారుతుంది. గేమ్ నాయిక లారా రెండు రాళ్ల మధ్య గాల్లో ఉండగా నొక్కి చూడండి. ఆమె ఎక్కడుందో అక్కడే ఉంటుంది, ఎక్కడ దిగాలో అక్కడే దిగుతుంది. అంటే కింద నడుస్తున్నది అసలైన పాత ఆటే, కొత్త బొమ్మ దాని మీద కచ్చితంగా అతుక్కుని ఉంది.

అలా అతికించడం ఎంత కష్టమో ఈ గేమ్ ఆడినవాళ్లకు తెలుస్తుంది. పాత టూంబ్ రైడర్‌లో కొండలైనా గుళ్లయినా చదరపు దిమ్మెలతో కట్టినవే. కొత్తగా గీసే ఆర్టిస్ట్ ఒక రాయి మూల అందంగా ఉంటుందని కాస్త గుండ్రంగా చేస్తే చాలు, ఆడేవాడు అంచు ఎక్కడుందో పోల్చుకోలేక కిందపడి చస్తాడు. రాయి రాయిలాగే కనిపించాలి, దాని అంచు మాత్రం 1996లో ఉన్నచోటు నుంచి జరగకూడదు. మూడు గేమ్‌ల నిండా ఈ పని చేశారు. మొదటి గేమ్‌లో నేలమీద కనిపించే తాళంచెవులు, మందుల పెట్టెలు అట్టముక్కల్లా ఉండేవి, ఎటునుంచి చూసినా మనవైపే తిరిగేవి. ఇప్పుడు వాటికి నిజమైన ఆకారం వచ్చింది. పాత రూపం సెకనుకు 30 ఫ్రేములతో నడిస్తే కొత్తది 60 ఫ్రేములతో నడుస్తుంది.

ఈ పనిలో సాంకేతిక బాధ్యత చూసిన తిమూర్ గగీవ్ ఎవరో కూడా తెలుసుకోవాలి. ఓపెన్‌లారా అనే ఇంజిన్‌ను, అంటే గేమ్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను, సొంతంగా రాసి, మొదటి టూంబ్ రైడర్‌ను గేమ్ బాయ్ అడ్వాన్స్ లాంటి బుల్లి యంత్రం మీద కూడా నడిపించిన అభిమాని ఆయన. డబ్బులు దండుకోవడమే ఉద్దేశమైతే అలాంటి మనిషిని వెతికి పట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

గ్రాఫిక్స్ మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటి ఉంది, దాన్ని దాచను. కొత్త రూపంలో కొన్ని గదులు మరీ చీకటిగా ఉంటాయి. రెండో, మూడో భాగాల్లో అయితే లారా దగ్గర వెలిగించి విసిరే ఫ్లేర్లు ఉంటాయి. మొదటి భాగంలో అవి అసలు లేవు. దాంతో గోడమీద లివర్ ఎక్కడుందో కనబడక పాత రూపానికి మార్చి చూసుకోవాల్సి వస్తుంది. అది లోపమే. ఇలాంటి వివరం చెప్పి విమర్శిస్తే తల ఊపుతాను. "రంగు పూశారు" అనే మాటలో ఆ వివరం లేదు.

ఇక కంట్రోల్స్. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే.

మొదట, ఆధునిక కంట్రోల్స్ ఇవ్వలేదన్నదే అబద్ధం. ఇచ్చారు, మెనూలో ఉన్నాయి. స్టిక్ ఎటు తిప్పితే లారా అటు పరిగెడుతుంది, కెమెరా మన చేతిలో ఉంటుంది. పాత పద్ధతి కూడా ఉంచారు, దాన్నే ట్యాంక్ కంట్రోల్స్ అంటారు. ఎడమ, కుడి బటన్లు లారాను ఉన్నచోటే తిప్పుతాయి, పైబటన్ ఆమె ముఖం ఎటుంటే అటు నడిపిస్తుంది. ఇది బద్ధకంతో వదిలేసిన వ్యవహారం కాదు. ఆ లోకమంతా ఈ కంట్రోల్స్‌ను లెక్కలోకి తీసుకునే కట్టారు.

లెక్క ఏమిటో చూడండి. నేలంతా ఒకే కొలత గళ్లు. నిలబడి దూకితే లారా ఒక గడి ఖాళీ దాటుతుంది. పరిగెత్తి దూకితే రెండు గళ్లు. పరిగెత్తి దూకి, చేతులు చాచి అవతలి అంచు పట్టుకుంటే మూడు. పరుగు అందుకోవడానికి వెనక ఒక గడి చోటు కావాలి. అందుకని వాక్ బటన్ నొక్కిపట్టి అంచు దాకా నడుస్తాం, అది పట్టుకున్నంతసేపూ ఆమె జారిపడదు. అక్కడినుంచి వెనక్కి ఒక్క గంతు వేస్తాం, ఆ గంతు సరిగ్గా ఒక గడి. ఆ తర్వాత ముందుకు పరుగు, వెంటనే జంప్. బటన్ నొక్కిన క్షణంలోనే లారా గాల్లోకి లేవదు, వేస్తున్న అడుగు పూర్తయ్యాక లేస్తుంది. కొత్తవాళ్లు "బటన్ పనిచేయట్లేదు" అని విసుక్కునేది ఇక్కడే. అది కాస్త చేతికి పట్టుబడితే, ఏ దూకుడైనా దూకకముందే అవుతుందో కాదో చెప్పేయొచ్చు.

సెయింట్ ఫ్రాన్సిస్ ఫాలీ అనే లెవెల్‌లో నిట్టనిలువునా కిందికి దిగే పెద్ద బావిలాంటి కట్టడం ఉంటుంది. అంచున నిలబడి కిందికి చూస్తే అడుగు కనపడదు. టెన్షన్ నిజంగానే పుడుతుంది, ఎందుకంటే తప్పు లెక్క వేస్తే కాపాడేవాళ్లు లేరని మనకు తెలుసు. అక్కడే డామొక్లిస్ పేరుతో ఒక గది ఉంది, పైకప్పు నిండా కత్తులు వేలాడుతుంటాయి. లోపలికి వెళ్లేటప్పుడు ఏమీ కాదు. తాళంచెవి తీసుకుని తిరిగి వచ్చేటప్పుడు అవి పడటం మొదలవుతుంది. పరుగెత్తాలనిపించే చోట ఒక్కో అడుగే వేయాలి. అలా అడుగులు వేయడానికి ట్యాంక్ కంట్రోల్స్‌కు మించినవి లేవు. ఆధునిక కంట్రోల్స్‌తో ఖాళీ మైదానంలో తిరగడం హాయిగా ఉంటుంది కానీ, అంచు దగ్గర దూరం కొలుచుకోవడం కష్టమవుతుంది. అందుకే రెండూ ఇచ్చి ఎంపిక మనకు వదిలేశారు.

"మొత్తం కొత్తగా కట్టి ఉంటే బాగుండేది" అనేవాళ్లకు జవాబు 2007 నుంచే ఉంది. క్రిస్టల్ డైనమిక్స్ సంస్థ చేసిన టూంబ్ రైడర్ ఆనివర్సరీ అచ్చంగా ఆ పనే చేసింది. గళ్లు తీసేసి, లెవెల్స్ మళ్లీ కట్టి, కథ పెంచింది. నాకు అదీ ఇష్టమే, కానీ అది వేరే గేమ్. పాతదాంట్లో పెరూ లోయలో డైనోసార్ వచ్చే తీరు గుర్తున్నవాళ్లకు తేడా చెప్పక్కర్లేదు. కట్‌సీన్ లేదు, ఉపోద్ఘాతం లేదు. లోయలో నడుస్తుంటే చీకట్లోంచి టీ-రెక్స్ పరిగెత్తుకొస్తుంది, అంతే. ఆనివర్సరీలో దాన్నే ఏర్పాట్లన్నీ ఉన్న బాస్ ఫైట్‌గా మార్చారు. 2024 విడుదల ఆ పాత లోయను ఉన్నదున్నట్టు నిలబెట్టింది.

"పాతది ఊరికే దొరుకుతుంది" అన్న మాటకొస్తే, కాపీ చేసుకున్న ఫైల్ దొరకడం వేరు, గేమ్ దొరకడం వేరు. మొదటి భాగం విండోస్‌కు ముందు వాడిన డాస్ అనే వ్యవస్థ కోసం చేసినది. ఇవాళ్టి కంప్యూటర్‌లో నడపాలంటే డాస్‌బాక్స్ లాంటివి పెట్టుకుని కుస్తీ పట్టాలి. అప్పట్లో నేథన్ మెక్రీ సంగీతం సీడీలో ఆడియో ట్రాక్‌లుగా ఉండేది, డిస్క్ లేకుండా ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే సంగీతం మాయం. మన దగ్గర అసెంబుల్డ్ పీసీల్లో కాపీ సీడీలతో ఆడినవాళ్లలో చాలామంది ఈ గేమ్‌కు అసలు సంగీతమే లేదనుకుని ఉంటారు. ఇంకో సంగతి. అన్‌ఫినిష్డ్ బిజినెస్, గోల్డెన్ మాస్క్, లాస్ట్ ఆర్టిఫ్యాక్ట్ అనే అదనపు భాగాలు అప్పట్లో ప్లేస్టేషన్‌కు రానేలేదు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ ఉన్నవాళ్లకు అవి 2024లోనే మొదటిసారి అందాయి. మూడు గేమ్‌లు, మూడు అదనపు భాగాలు, అన్నీ కలిపి విడుదల ధర 30 డాలర్ల లోపే. ధర గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

చివరిది సెన్సార్ ఆరోపణ. గేమ్ మొదలవగానే ఒక ప్రకటన కనబడుతుంది. జాతుల మీద, సంస్కృతుల మీద దురభిప్రాయాలతో చేసిన చిత్రణలు ఇందులో ఉన్నాయని, అవి చాలా హానికరమైనవని, క్షమించరానివని, అయినా తొలగించకుండా ఉన్న రూపంలోనే ఇస్తున్నామని దాని భావం. తొలగించలేదు అని చెప్పే ప్రకటననే తొలగింపుకి సాక్ష్యంగా చూపిస్తున్నారు!

ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. 1998లో వచ్చిన మూడో భాగం మొదలయ్యేదే ఇండియాలో. అడవి, శిథిలమైన గుడి, గంగానది, కాళియుడి పేరుతో ఉన్న గుహలు. పులులు, తాచుపాములు, కోతులు. ఆరు చేతుల్లో కత్తులు పట్టుకుని మీదికొచ్చే విగ్రహాలు. ఇంగ్లండ్‌లోని డెర్బీ నగరంలో కూర్చుని, పాత గేమ్‌లను తయారుచేసిన కోర్ డిజైన్ వాళ్లు ఊహించుకున్న ఇండియా అది. దాన్ని చూసి నొచ్చుకునే హక్కు మనకుంది, ఆ గుడిలో తిరుగుతూ ఆనందించే హక్కూ ఉంది. నాకు ఈ రెండూ కలుగుతాయి. ఆ విగ్రహాలను చెరిపేసి ఉంటే ఈ రెండింటికీ అవకాశం ఉండేది కాదు. ఆ లెవెల్స్, ఆ విగ్రహాలు, ఆ పులులు అన్నీ రీమాస్టర్‌లో ఎక్కడివక్కడే ఉన్నాయి.

మొదటిసారి ఆడబోయేవాళ్లు పెరూ గుహల్లోకి నేరుగా దూకేయకండి. మెనూలో లారా ఇల్లు ఉంటుంది, అందులో జిమ్. ఏ బటన్ నొక్కాలో లారాయే చెబుతుంది. అక్కడ ట్యాంక్ కంట్రోల్స్ పెట్టుకుని, అంచుదాకా నడిచి, వెనక్కి గంతేసి, పరిగెత్తి దూకడం పదిసార్లు చేసి చూడండి. కంట్రోల్స్ చెత్తవో కావో ఆ తర్వాత మాట్లాడుకుందాం.