టికెట్ సంగతి తర్వాత, ముందు ట్రాన్స్‌క్రిప్ట్ సంగతి చూస్కోండి

"అక్కా, నర్సింగ్ చేసి బయటికెళ్దామనుకుంటున్నా, ఏ దేశం బెటర్?" ఈ మెసేజ్ ఎంతమంది పెడతారో లెక్కే లేదు. దాని వెనకే జీతం ఎంత, అక్కడే ఉండిపోయే పీఆర్ ఎన్నాళ్లకొస్తుంది, ఇల్లు కొనొచ్చా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే, ఇంకా కోర్సులో చేరనే లేదు తల్లీ నువ్వు! తిట్టుకుంటే తిట్టుకోండి గానీ, చేతిలో డిగ్రీ ఉందని ఏ దేశమూ మీకు పేషెంట్‌ని అప్పజెప్పదు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరెక్కాలి. ఆ కౌన్సిల్ మీ మార్కుల కన్నా ముందు మీ గంటలు చూస్తుంది.

గంటలంటే, థియరీ ఎన్ని, వార్డు పోస్టింగ్ ఎన్ని, అందులో పిల్లల వార్డు ఎంత, ప్రసూతి ఎంత, సైకియాట్రీ ఎంత, అన్నీ విడివిడిగా. ఈ లెక్కంతా కాలేజీ రాసిచ్చే కాగితమే ట్రాన్స్‌క్రిప్ట్. యూరోపియన్ యూనియన్‌లో జనరల్ నర్స్ శిక్షణ కనీసం 3 ఏళ్లు, 4,600 గంటలు ఉండాలి, అందులో సగమైనా క్లినికల్, మూడో వంతైనా థియరీ. జర్మనీ లాంటి చోట బయట చదివొచ్చినవాళ్ల కోర్సుని తమ శిక్షణతో పక్కపక్కన పెట్టి పోలుస్తారు, తేడా ఉంటే ఆ తేడా పూడ్చే అడాప్టేషన్ కోర్సన్నా చెయ్యమంటారు, పరీక్షన్నా రాయమంటారు. అమెరికాలో కాలిఫోర్నియా నర్సింగ్ బోర్డుది ఇంకో మెలిక, ఒక సబ్జెక్ట్ క్లాసులూ దాని పోస్టింగూ ఒకే టైంలో జరిగి ఉండాలి. ఈ ఏడు క్లాసు చెప్పేసి పై ఏడు పోస్టింగ్ వేసే కాలేజీల్లో చదివినవాళ్ల ఫైళ్లు అక్కడే ఆగాయి. చదివిన పిల్లల తప్పేముంది ఇందులో, అయినా అనుభవించేది వాళ్లే కదా.

నాకు తెలిసినామె ట్రాన్స్‌క్రిప్ట్ ఫారం దగ్గర కూర్చుని చూశాను. సబ్జెక్ట్ పేరు, థియరీ, క్లినికల్, మూడు గళ్లు. అన్నీ నింపి సైకియాట్రీ ఎదురుగా మాత్రం ఒక గీత గీసి పంపేశారు కాలేజీ ఆఫీసువాళ్లు. ఆమె పోస్టింగ్‌కి వెళ్లింది, రోజూ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకుంది, వాళ్లకి పాత రికార్డు దొరకలేదు అంతే. లాగ్‌బుక్ జెరాక్సులు దాచుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కడో కూర్చుని ఆ ఆఫీసుకి ఫోన్లు చేస్తూ ఉండేది, ఎవరెత్తుతారు? పైగా ఈ పేపర్లు చాలా చోట్ల మీరు పట్టుకెళ్తే చెల్లవు, కాలేజీ నుంచి నేరుగా వెళ్లాల్సిందే. అందుకే చదువుతుండగానే ఆ ఆఫీసులో పని తెలిసిన మనిషి ఎవరో చూసి పెట్టుకోండి, లాగ్‌బుక్ ప్రతి పేజీ ఫోటో తీసుకోండి, పాస్‌పోర్టులో పేరూ సర్టిఫికెట్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా ఉందా చూస్కోండి.

ఇక్కడ చదివి వెళ్లాలా, అక్కడికెళ్లి చదవాలా అనేది ఇంకో గోల. నా మటుకు నాకు రెండూ ఓకే, మధ్యలో వదిలేసి వెళ్లడం మాత్రం వద్దే వద్దు. రెండేళ్లు చదివాం కదా మూడో ఏట్లో కూర్చోబెడతారు అనుకుంటారు, నర్సింగ్‌లో అలా కూర్చోబెట్టడం చాలా అరుదు, మహా అయితే అనాటమీ లాంటివి ఒకటీ రెండూ లెక్కలోకి తీసుకుని మిగతావి మొదట్నుంచి చెయ్యమంటారు. పెళ్లయి వెళ్లేవాళ్లు ఇది ఇంట్లో గట్టిగా చెప్పండి, ఏడాది ఆగితే కొంపలేం మునగవు. ఇంకా ఏ కోర్సులోనూ చేరలేదు, జర్మనీయే అని ఫిక్సయ్యారు అంటే, ముందు భాష నేర్చుకుని అక్కడి ఆస్‌బిల్డుంగ్‌కే, అంటే పని చేస్తూ నేర్చుకునే శిక్షణకే వెళ్లడం నయమంటా నేను. 3 ఏళ్లు, స్టైపెండ్ ఇస్తూ నేర్పుతారు, చివర్లో గుర్తింపు గొడవే ఉండదు. అమెరికాలోనే చదువుతానంటే, అక్కడ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ వాళ్లూ నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ బీఎస్ఎన్ వాళ్లూ రాసేది ఒకటే లైసెన్స్ పరీక్ష, ఎన్‌సీలెక్స్ ఆర్ఎన్. ఈ ముక్క ఏ ఏజెంటూ చెప్పడు.

ఏజెంట్ల గురించి మొదలుపెడితే తెల్లారిపోద్ది. యూకేలో హెల్త్ రిక్రూట్‌మెంట్‌కి ప్రభుత్వ కోడ్, అంటే నియమావళి ఉంది, ఉద్యోగం ఇప్పించినందుకు నర్స్ దగ్గర ఫీజు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. అయినా కడుతూనే ఉన్నారు. 2025లో యూకే ఆ దారి మూసేదాకా కేర్ అసిస్టెంట్ వీసా మీద పంపి "వెళ్లాక నర్స్ అయిపోతావు" అనేవాళ్లు, ఆ పని ఎన్నేళ్లు చేసినా రిజిస్టర్డ్ నర్స్ అనుభవంగా లెక్కకి రాదు.

అనుభవం ఉంది కదా పరీక్ష ఎంతలే అనుకునే సీనియర్లకి ఒక మాట. యూకే నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ వాళ్ల ప్రాక్టికల్ పరీక్ష ఆస్కీలో 10 స్టేషన్లు, ఒక్కో చోట ఒక్కో పని చేసి చూపించాలి. అక్కడ బెడ్ దగ్గరికెళ్లగానే చేతులు శుభ్రం చేసుకుని, పేరూ పుట్టిన తేదీ అడిగి, రిస్ట్ బ్యాండ్‌తో సరిచూసి, అలర్జీ ఉందా అని అడిగి, అప్పుడు మందు ముట్టుకోవాలి. కిటకిటలాడే వార్డులో ఏళ్ల తరబడి "మూడో బెడ్ ఇంజెక్షన్" అని పరిగెత్తిన చెయ్యి ఇవన్నీ దాటేస్తుంది. కొత్తగా పాసైన పిల్లలు గెలిచి సీనియర్లు తప్పేది అక్కడే. జ్ఞానం తక్కువై కాదు, అలవాటు.

అమెరికా వెళ్లేవాళ్లకైతే ఎన్‌సీలెక్స్ పాసయ్యాక కూడా వీసా క్యూ ఉంటుంది, అది ముందుకీ జరుగుతుంది వెనక్కీ జరుగుతుంది. ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్టీఎస్ స్కోర్ చెల్లేది 2 ఏళ్లే, మరీ ముందే రాసేసి కూర్చుంటే మళ్లీ రాయాలి. ప్రిపరేషన్ అని ఉద్యోగం మానేసేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆస్ట్రేలియాలో రిజిస్టర్ కావాలంటే గత 5 ఏళ్లలో 450 గంటలైనా నర్స్‌గా పని చేసి ఉండాలి, గ్యాప్ పెరిగేకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి. వారానికి రెండు షిఫ్టులైనా సరే వార్డు వదలొద్దు. మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఏ వార్డు, ఫుల్ టైమా పార్ట్ టైమా, వారానికి ఎన్ని గంటలు అన్నీ రాయించుకోండి. "సిన్సియర్ అండ్ హార్డ్ వర్కింగ్" అని మాత్రమే రాసిచ్చే లెటర్‌ని ఏ కౌన్సిలూ పట్టించుకోదు.