ఒకే మొత్తం మార్కుతో ముగ్గురినీ విడగొట్టలేం

ఎదుటివారితో ఎంత ధైర్యంగా, సూటిగా మాట్లాడతారో కొలవడం గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, డిగ్రీ విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి, మొత్తం మార్కులు తక్కువొస్తే అణిగిమణిగి ఉండేవారు, మధ్యలో ఉంటే సూటిగా మాట్లాడేవారు, ఎక్కువొస్తే దూకుడువారు అని విభజించారు. ఈ పద్ధతితో నాకు గట్టి అభ్యంతరం ఉంది.

మనిషి తన మాటను ఎంత ధైర్యంగా చెప్పగలడో కొలవడానికి 1973లో వచ్చిన రాథస్ స్కేలు అనే ప్రశ్నావళినే తీసుకోండి. 30 వాక్యాలు, ఒక్కోదానికి −3 నుంచి +3 దాకా మార్కులు, సున్నా లేదు. మొత్తం −90 నుంచి +90 మధ్య వస్తుంది. హోటల్లో వడ్డించింది బాగోలేకపోతే సర్వర్‌కి చెబుతాననే వాక్యానికి మర్యాదగా చెప్పేవాడూ +3 వేస్తాడు, కేకలేసేవాడూ +3 వేస్తాడు. ఇద్దరికీ ఒకే మార్కు! అందుకే మూడు ధోరణులకూ విడివిడి వాక్యాలు, విడివిడి మార్కులు ఉండాలి. ఒకే మనిషి ఇంట్లో నాన్న ముందు నోరెత్తకుండా, తమ్ముడి మీద అరుస్తూ ఉండొచ్చు కదా.

లెక్కలో ఎక్కువగా దొర్లే తప్పు ఇంకోటి. ఆ 30లో 17 వాక్యాలు బిడియాన్ని చెప్పేవి కాబట్టి, వాటి మార్కుల గుర్తు తిప్పాలి (+3ని −3గా, −3ని +3గా). మరిచిపోతే ధైర్యస్తుడి మార్కులూ బిడియస్తుడి మార్కులూ సున్నా దగ్గరకే చేరతాయి. తుది మొత్తం వాడే ముందు ప్రతి వాక్యం మార్కుకూ మిగతా వాక్యాల మొత్తానికీ సహసంబంధం (రెండూ కలిసి పెరుగుతున్నాయా, ఎదురుగా నడుస్తున్నాయా అనే లెక్క) చూడాలి; కొన్ని రుణాత్మకంగా వస్తే, గుర్తుల్లో ఎక్కడో తప్పు జరిగి ఉండొచ్చని తెలుస్తుంది.

తెలుగులోకి మార్చేటప్పుడు "కాదనలేను అనుకోను" లాంటి జంట వ్యతిరేకాలు అసలు వద్దు. ఎదుటివాడు ఎవరో కూడా రాయాలి: రూమ్మేటా, లెక్చరరా, మేనమామా? "అప్పు అడిగితే కాదంటాను" అని ఊరికే రాస్తే, ఒకరు స్నేహితుణ్ని, ఇంకొకరు మేనమామను ఊహించుకుని జవాబిస్తారు.