సందు లేని ఒకటి

నిన్న రాత్రి పదకొండున్నరకి నేను రాష్ట్రపతి ఎన్నికలో ఓడిపోయాను. ఓడిపోవడం పెద్ద విషయం కాదు, ఎన్నికన్నాక ఎవరో ఒకరు ఓడాలి. నాకు మండుతున్నది వేరే విషయానికి.

మాది రాజమండ్రి పక్కన ఒక హైస్కూలు, 1996 పదో తరగతి బ్యాచి. వాట్సాప్ గ్రూపులో ముప్ఫై ఎనిమిది మందిమి ఉన్నాం. పొద్దున పువ్వులూ దండాలూ, మధ్యాహ్నం ఫార్వర్డులూ, రాత్రయితే పార్టీల గొడవలు. ఆ గొడవలు పడలేక ఎవరో, పార్టీలతో పనిలేకుండా గ్రూపుకి మనమే ఒక రాష్ట్రపతిని ఎన్నుకుందాం, సరదాగా ఉంటుంది అన్నారు. ముగ్గురం నిలబడ్డాం. డల్లాస్‌లో ఉండే మా ఫస్ట్ బెంచి వాడు, ఒకప్పటి క్లాసు లీడరూ ఇప్పుడు ఒక స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్సూ అయిన మా లీడరమ్మ, నేను. నేనెందుకు నిలబడ్డానో అడక్కండి. ఆదివారం బిర్యానీ తిని మంచమెక్కి ఫోను చూసే మనిషి ఏ నిర్ణయమైనా తీసుకుంటాడు.

రిటర్నింగ్ ఆఫీసరుగా మా అడ్మిన్ తనని తానే నియమించుకున్నాడు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు. సరదాకి పెట్టుకున్నదాన్ని సరదాగా జరగనివ్వకపోవడం కొందరికి జన్మతః వచ్చే విద్య, వీడు అందులో డిస్టింక్షన్. సాయంత్రం ఏడింటికల్లా 1952 నాటి రాష్ట్రపతి ఎన్నికల చట్టం, 1974 నాటి నియమాలు, రెండు పీడీఎఫ్‌లూ గ్రూపులో పడ్డాయి. అసలు రాష్ట్రపతి పదవికి నామినేషన్ వేయాలంటే యాభైమంది ప్రతిపాదించాలి, ఇంకో యాభైమంది బలపరచాలి, పదిహేను వేలు డిపాజిట్టు కట్టాలి. మాకు దాన్ని ఇద్దరు, ఇద్దరు, నూటయాభై రూపాయలకి తగ్గించాడు. ఆ నూటయాభై వాడి నంబరుకే ఫోన్‌పే చేయాలి. రసీదు అడిగితే స్క్రీన్‌షాటే రసీదన్నాడు.

తరవాత ఓటు విలువ. నిజం ఎన్నికలో ఎమ్మెల్యే ఓటుకి ఒక విలువ ఉంటుంది కదా, రాష్ట్ర జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తారు. 2022లో ఆంధ్రా ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ వాళ్ళది 132, ఉత్తరప్రదేశ్ వాళ్ళది 208, సిక్కిం వాళ్ళది 7. ఆ జనాభా ఇప్పటిది కూడా కాదు, 1971 లెక్కలు. ఇది చదివి మా అడ్మిన్ బుర్రలో బల్బు వెలిగింది. "వాళ్ళు పాత లెక్కలు వాడుతున్నారు కాబట్టి మనమూ పాత లెక్కలే వాడదాం" అని, ఒక్కొక్కరి ఓటుకి వాళ్ళ పదో తరగతి మార్కులే విలువగా ఖాయం చేశాడు. ఆ మార్కుల లిస్టు వీడి దగ్గర ఇన్నేళ్ళూ ఎందుకుందో దేవుడికి తెలియాలి. డల్లాస్ వాడిది 541. లీడరమ్మది 523. నాది 271.

ఆరు వందలకి 271 అంటే పాసే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మావాడు ఇప్పుడు పదో తరగతి. వీడికి తొంభై శాతం తగ్గితే ఇంట్లోకి రానివ్వనని గత రెండేళ్ళుగా నేను చెబుతున్న మాటలన్నీ ఆ ఒక్క మెసేజీతో గోదాట్లో కలిశాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. ఫోను తీసుకుని, చూసి, వెనక్కిచ్చి వంటింట్లోకి వెళ్ళి, ఫ్యానుందని కూడా మర్చిపోయి కాసేపు తనే విసురుకుంది. నవ్వు ఆపుకోడానికి అలా చేస్తుంది.

ఇంక బ్యాలెట్టు. ఎంపీలకి పచ్చ కాగితం, ఎమ్మెల్యేలకి గులాబీ కాగితం అని రూలు. గ్రూపులో రోజూ మాట్లాడేవాళ్ళు ఎంపీలట, పువ్వులు మాత్రం పంపేవాళ్ళు ఎమ్మెల్యేలట, నేను పువ్వుల బాపతు. కాబట్టి గులాబీ కాగితం మీద ముగ్గురి పేర్లూ రాసి, ఎదురుగా మన ఇష్టం వరసలో ఒకటి, రెండు, మూడు అంకెలు వేసి, ఫోటో తీసి అడ్మిన్‌కి విడిగా పంపాలి. ఊదారంగు ఇంకు తప్పనిసరి. ఎందుకంటే 2016లో హర్యానా రాజ్యసభ ఎన్నికలో వేరే పెన్నుతో వేశారని ఓట్లకి ఓట్లే చెల్లకుండా పోయాయి, అప్పట్నుంచి ఎన్నికల సంఘం తన ఊదా పెన్నే ఇస్తోంది. మరి నువ్విస్తావా పెన్ను అంటే ఇవ్వడు. మా వీధి చివరి షాపులో ఊదా స్కెచ్ ఒక్కటీ అమ్మరు, పన్నెండు రంగుల సెట్టు కొనాలి. కొనలేదు, మావాడి సెట్టులోంచి చెప్పకుండా తీసుకున్నాను. గులాబీ కాగితం కూడా ఇంట్లో లేదు. అయితే పేపరు మధ్యలో పెట్టి పంచే కరపత్రాలు ఉంటాయి కదా, ఉల్లిపొరంత పల్చగా, గులాబీ రంగులో. అల్మరా మీద ఒకటి దొరికింది. వెనకవైపు ఖాళీ. మొదటివైపు ఏముందో అప్పుడు చూళ్ళేదు.

ఇక్కడ నేనొక తెలివైన పని చేశాను. ప్రచారంలో నన్ను నేను తెలుగు అభ్యర్థినని చెప్పుకున్నాను. 1969లో పోటీపడ్డ వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి ఇద్దరూ మనవాళ్ళే, మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎటూ తేలక రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ గిరిగారు గట్టెక్కలేదు, అంతకుముందు 1967లో జాకిర్ హుస్సేన్ మీద నిలబడ్డ కోకా సుబ్బారావుగారు సాక్షాత్తూ మన రాజమండ్రివారు అని ఒక పెద్ద వ్యాసం పెట్టాను. నలుగురు బొటనవేళ్ళు ఎత్తారు. ఆ ఊపులో, అంకెలు కూడా తెలుగులోనే వేద్దామనిపించింది. నియమాల్లో ఉంది, ఏ భారతీయ భాష అంకెలైనా వేయొచ్చు, మాటల్లో మాత్రం రాయకూడదు. నా పేరు ఎదురుగా ౧, డల్లాస్ వాడికి ౨, లీడరమ్మకి ౩. మా తాతగారి పద్దు పుస్తకంలో తప్ప ఆ అంకెలు నేనెక్కడా రాసినవి కావు. చిన్నప్పుడు నేర్చుకున్నవి, చెయ్యి మర్చిపోదులే అనుకున్నాను.

ఓటింగూ అదీ అయిపోయింది. రాత్రి వీడియో కాల్లో లెక్కింపు. డల్లాస్ వాడికి మధ్యాహ్నం ఒంటిగంట, లంచ్ డబ్బా ముందు పెట్టుకుని కూచున్నాడు. అడ్మిన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఇరవైతొమ్మిది ఓట్లు పడ్డాయి. ఇరవైఎనిమిది చకచకా అయిపోయాయి, లీడరమ్మకి పదహారు, డల్లాస్‌కి పన్నెండు. నాకు అప్పటికి ఒక్కటీ లేదు. నన్ను ప్రతిపాదించిన ఇద్దరూ, బలపరచిన ఇద్దరూ అదే కాల్లో ఉన్నారు. ఒకడు వీడియో ఆపేశాడు. ఇంకొకణ్ణి నిలదీస్తే, "ప్రతిపాదించమన్నావు, ప్రతిపాదించాను. ఓటు కూడా వెయ్యాలని చెప్పలేదుగా మామా" అన్నాడు. మూడోవాడు, 1969లో ఇందిరాగాంధీ కాంగ్రెస్ వాళ్ళని మనస్సాక్షి చెప్పినట్టు ఓటేయమన్నట్టు, తనదీ ఆత్మప్రబోధం అన్నాడు. వీడికి ఆత్మ ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది.

మిగిలింది నా ఓటు. అడ్మిన్ దాన్ని స్క్రీన్ మీదికి తెచ్చాడు.

"ఇది ఇంగ్లీషు ఓ. అక్షరం. అక్షరాలు చెల్లవు" అన్నాడు.

నేను దీనికోసమే కాచుకుని ఉన్నాను. నియమం చదివి వినిపించాను. వాడు పీడీఎఫ్ తెరిచి, కళ్ళజోడు పైకి నెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుని, "అభ్యర్థి వాదన అంగీకరించడమైనది. ఇది తెలుగు అంకె" అని ప్రకటించాడు. ఇన్నేళ్ళలో ఈ అడ్మిన్ మీద నేను గెలిచిన మొదటి వాదన అది. సోఫాలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకున్నాను.

అప్పుడు లీడరమ్మ మైకు ఆన్ చేసింది. హెడ్‌మిస్ట్రెస్ కాకముందు తను తెలుగు పండిట్. "తెలుగు అంకే నాయనా, కాదనను. కానీ ఒకటి కాదు. ఒకటికి కింద సందుండాలి. ఇది సున్నా" అంది. పిల్లలకి చెప్పినంత ప్రేమగా చెప్పింది, అదే ఎక్కువ బాధ.

చూస్తే నిజమే. ౧ అంటే కింద చిన్న సందు వదిలేసిన సున్నా, అంతే. ఆ సందు వదిలితే ఒకటి, మూస్తే ఏమీ లేదు. మన పూర్వీకులు ఒకటికీ ఏమీ లేకపోవడానికీ మధ్య ఇంత చిన్న సందే ఎందుకు పెట్టారో గానీ, నేను మాత్రం దాన్ని వదిలాను, ప్రమాణం చేసి చెబుతున్నాను వదిలాను. ఆ ఉల్లిపొర కాగితం స్కెచ్ ఇంకుని పీల్చుకుని ఉబ్బి మూసేసుకుంది.

ఫోటోని పెద్దది చేయమన్నాను. అడ్మిన్ పెద్దది చేశాడు. ఇంకా అన్నాను. ఇంకా చేశాడు. చివరికి ఇరవైమంది ఫోన్లలో, రెండు ఖండాల్లో, తెరనిండా నా ఊదా సున్నా చంద్రుడంత అయింది. మాలో ఒకడు కంటి డాక్టరు, వాడు ఎడమవైపు కింద తెల్లగా ఏదో ఉందన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అది సందేనా, కాగితం మడతా అని ఇంకొకడు. సివిల్ ఇంజనీరు ఒకడున్నాడు, స్కేలు తెచ్చి తన ఫోను తెర మీద పెట్టి కొలిచి, అర మిల్లీమీటరు పగులు ఉంది, స్లాబుకైతే వదిలెయ్యొచ్చు, ఓటు సంగతి తెలీదన్నాడు. ఇంతలో డల్లాస్ వాడు లంచ్ ఆపి, "అది సందు కాదురా. వెనకనించి అక్షరం కనిపిస్తోంది. తిప్పి చదవండి" అన్నాడు.

అందరూ ఫోన్లు అటూ ఇటూ తిప్పారు. కరపత్రం మొదటివైపు అచ్చు ఇటు తేలి కనిపిస్తోంది, అద్దంలో చూసినట్టు తిరగబడి. వీడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవడం మొదలెట్టాడు. "ఆపరేషన్... లేకుండా... మొలలు..."

కాల్లో ఏడుగురు ఆడవాళ్ళున్నారు. ఒకావిడ వాళ్ళత్తగారు కూడా పక్కన కూచుని చూస్తున్నారట, ఆ సంగతి తరవాత తెలిసింది. వాడు ఆపలేదు, "ఫిస్టులా, ఫిషర్, గ్యారంటీ వైద్యం" దాకా చదివి, నా సందు అనుకున్నది గ్యారంటీలో సున్నా అని తేల్చాడు. అంటే నా సున్నాలో కనిపించింది ఇంకో సున్నా. అది పేపర్లో వచ్చిన కాగితమని నేను చెప్పాను. ఎవరూ అడగలేదు, నేనే మూడుసార్లు చెప్పాను. "మనమధ్య దాపరికం ఏముంది మామా, మా బావకీ ఉంది, మజ్జిగ బాగా తాగు" అని ఆత్మప్రబోధం వాడు ధైర్యం చెప్పాడు. అత్తగారు కరక్కాయ చూర్ణం చెప్పమన్నారట.

నేను ఇంకో వాదన లేవదీశాను. రెండు ఉంది, మూడు ఉంది, మిగిలిన మనిషిని నేనొక్కణ్ణే, కాబట్టి నాది ఒకటే అవ్వాలి కదా, చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది అన్నాను. "ఊహలకు తావు లేదు. ఒకటి అంకె లేని ఓటు చెల్లదు" అన్నాడు అడ్మిన్. ఆఫీసులో ఫైలు వెనక్కి పంపేటప్పుడు కూడా ఇదే గొంతు వాడతాడనుకుంటాను. పైగా ఓదార్పుగా, 2022లో 53 ఓట్లు చెల్లలేదు, అందులో 15 సాక్షాత్తూ ఎంపీలవే అన్నాడు. 1967లో పదిహేడుమంది నిలబడితే తొమ్మిదిమందికి ఒక్క ఓటూ రాలేదని కూడా చెప్పాడు. కావచ్చు. కానీ రాష్ట్రపతి అభ్యర్థికి తన ఓటంటూ ఉండాలని రూలేం లేదు, అక్కడ ఓటేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలూ. నాకు ఓటుంది. ఉండి, ఊదా ఇంకుతో, నా పేరు ఎదురుగా, నా చేత్తో సున్నా వేసుకున్నాను.

"నాన్నా, 271 ఇంటూ సున్నా సున్నాయే కదా" అని పక్కగదిలోంచి మావాడు. పడుకున్నాడనుకున్నాను.

డిపాజిట్టు పోయింది. దక్కాలంటే గెలవడానికి కావలసిన ఓట్లలో ఆరోవంతు దాటాలట. ఆ నూటయాభైతో అడ్మిన్ ఈపాటికి మిర్చిబజ్జీలు తినే ఉంటాడు. పొద్దున లేచేసరికి గ్రూపు ఫోటో మారింది, గులాబీరంగు మీద ఊదా సున్నా. లీడరమ్మ రాష్ట్రపతిగా తొలి ఆజ్ఞ జారీ చేసింది, ఓడిన అభ్యర్థులు ఒకటి నించి వంద దాకా తెలుగు అంకెలు రాసి ఫోటో పెట్టాలట. డల్లాస్ వాడికి మినహాయింపు, టైమ్ జోన్ తేడా అట. ఇదేం న్యాయమో!

రాద్దామనే కూచున్నాను, ముప్ఫైనాలుగు దాకా వచ్చాను కూడా. ఊదా స్కెచ్ రాత్రంతా మూత లేకుండా ఉండిపోయి ఎండిపోయింది. మూత సోఫా కింద లేదు, అల్మరా మీద లేదు. మావాడికి ఇవాళ డ్రాయింగ్ పీరియడ్ ఉందట, సెట్టులో పదకొండే ఉన్నాయని లెక్కపెడుతున్నాడు.