లాట్రోబ్ క్లబ్ కథ మన పిల్లలకి చెప్పాలి

ఐస్డ్ టీలో లెమనేడ్ కలిపి అమ్మే డబ్బా మీద ఆర్నాల్డ్ పామర్ పేరు మనలో చాలామందిమి చూసే ఉంటాం. ఆయన ఏడు మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నమెంట్లు, గెలిచిన ఆటగాడని కూడా కొందరికి తెలుసు. కానీ ఆయన పుట్టి పెరిగిన ఊళ్లోని క్లబ్బే చిన్నప్పుడు ఆయన్ని సభ్యులతో పాటు ఆడనివ్వలేదన్న సంగతి మన ఇళ్లల్లో ఎవరూ చెప్పుకోవడం నేను వినలేదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లం పిల్లల్ని హైస్కూల్ గోల్ఫ్ టీముల్లో చేర్చడానికి ఇంత ఆరాటపడుతున్నాం కదా, ముందు ఈ కథ చెప్పాలని నా అభిప్రాయం.

పిట్స్‌బర్గ్‌కి తూర్పున నలభై మైళ్ల దూరంలో లాట్రోబ్ అనే చిన్న ఊరు ఉంది, ఉక్కు మిల్లుల ఊరు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి తూర్పు వైపు నుంచి కార్లో వచ్చే మనవాళ్లు ఆ దగ్గర్లోంచే వెళ్తుంటారు. 1920లో అక్కడ తొమ్మిది హోల్స్‌తో (బంతిని వేయాల్సిన రంధ్రాలు) ఒక కంట్రీ క్లబ్ మొదలైంది. మిల్ఫ్రెడ్ పామర్ అనే కుర్రాడు, అందరూ డీకన్ అని పిలిచేవారు, చిన్నతనంలో పోలియో వచ్చి ఒక కాలు సరిగ్గా లేకపోయినా 1921లో ఆ గోల్ఫ్ మైదానం కోసం మట్టి పని చేసే కూలీల్లో చేరాడు. 1926 నాటికి గడ్డి చూసుకునే బాధ్యత మొత్తం ఆయనదే అయింది, 1933 నుంచి సభ్యులకి ఆట నేర్పే ప్రొఫెషనల్ కూడా ఆయనే. అంటే నేల తవ్వింది, గడ్డి పెంచింది, ఆట నేర్పింది అన్నీ ఒకే మనిషి. అయినా ఎవరైనా రమ్మంటే తప్ప సభ్యుల భోజనాల గదిలో ఆయన అడుగు పెట్టేవాడు కాదు.

డీకన్ కుటుంబం ఉండే ఇల్లు ఆరో హోల్ టీ, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు, పక్కనే. కొడుకు ఆర్నాల్డ్‌కి మూడేళ్లప్పుడే తండ్రి పొట్టిగా కోసిన గోల్ఫ్ కర్ర చేతికిచ్చి, వేళ్లు ఎక్కడ ఉండాలో తన చేతులతో సర్ది, ఈ పట్టు ఎప్పుడూ మార్చొద్దని చెప్పాడు. పిల్లాడు మాత్రం పొద్దున్నే సభ్యులు రాకముందు గానీ, సాయంత్రం వాళ్లు వెళ్లాక గానీ, క్లబ్ మూసి ఉండే సోమవారం గానీ ఆడుకోవాలి. సభ్యుల పిల్లలు పూల్‌లో ఈత కొడుతుంటే వీడు వాగులో ఈదేవాడు. ఆరో హోల్ దగ్గర ఒక గుంట ఉండేది. బంతిని దాన్ని దాటించలేక ఇబ్బంది పడే ఒక సభ్యురాలు ఇంటి ముందు నిలబడ్డ ఐదేళ్ల పిల్లాణ్ని పిలిచి, నువ్వు కొట్టిపెడితే ఐదు సెంట్లు ఇస్తానని చెప్పేది. వాడు కొట్టిపెట్టేవాడు. పదకొండేళ్లకి బ్యాగులు మోసే క్యాడీ అయ్యాడు.

1960లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచాడు. 1960ల్లో క్లబ్ పద్దెనిమిది హోల్స్‌కి పెరిగితే ఆ పని చూసింది కూడా డీకనే. 1971లో ఆర్నాల్డ్ ఆ క్లబ్‌నే కొనేశాడు. 2016లో ఆయన పోయాక అస్థికలు అక్కడే చల్లారు.

ఈ కథని పేదరికం నుంచి పైకి వచ్చిన కథగా చెప్పి వదిలేయడం నాకు నచ్చదు. అంత చిన్న ఊళ్లో డీకన్‌నీ, ఆయన కొడుకునీ బయట నిలిపిన ఆ గేటు ఎవరు పెట్టారో కూడా అడగాలి కదా. ఏ రాక్షసులో కాదు, ఊళ్లో నాలుగు డబ్బులు, మంచి పేరు ఉన్నవాళ్లు. నిజం చెప్పాలంటే ఈ రోజు మనలాంటివాళ్లే. పెద్ద ఫీజులు కట్టి సభ్యత్వం తీసుకునే మన డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇప్పుడు గేటుకి లోపలి వైపు ఉన్నారు, అందుకే ఈ ప్రశ్న మనం వేసుకోవాలి.

పైగా ఆర్నాల్డ్‌కి అడ్డొచ్చింది డబ్బు గోడ ఒక్కటే, రంగు గోడ కాదు. తెల్లవాళ్లే సభ్యులుగా ఉండాలన్న నిబంధన అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘమైన పీజీఏ నియమావళిలో 1934 నుంచి 1961 దాకా ఉంది. చార్లీ సిఫర్డ్ లాంటి నల్లజాతి ఆటగాళ్లు ఏళ్ల తరబడి అవమానాలు భరించి పోరాడితేనే అది పోయింది. క్లబ్బుల సంగతైతే ఇంకా ఆలస్యం: 1990లో అలబామాలోని షోల్ క్రీక్‌లో పీజీఏ చాంపియన్‌షిప్ పెట్టబోతే, అక్కడ ఒక్క నల్లజాతి సభ్యుడు కూడా లేడని పెద్ద గొడవ జరిగింది, స్పాన్సర్లు ప్రకటనలు వెనక్కి తీసుకున్నారు. అలా వేరేవాళ్లు తోసి తెరిచిన తలుపుల్లోంచే మనం లోపలికి వచ్చాం. 2023లో కాలిఫోర్నియాలోని నాపాలో తెలుగు కుటుంబం నుంచి వచ్చిన సాహిత్ తీగల పీజీఏ టూర్‌లో మొదటిసారి గెలిచినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి, నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషంలో సిఫర్డ్ పేరు కూడా ఒకసారి తలుచుకుని ఉంటే బాగుండేది.

ఇప్పుడు మన అసోసియేషన్ల గోల్ఫ్ డేల గురించి. డబ్బులు పోగవుతాయి, పరిచయాలు పెరుగుతాయి, చాలా మంచిది. కానీ తెల్లవారకముందే వచ్చి హోల్ చుట్టూ ఉండే పచ్చిక (గ్రీన్లు) కోసేవాళ్లు, కార్టులు కడిగే పిల్లలు ఆ సాయంత్రం మన భోజనాల దగ్గర కనిపించరు. బిర్యానీ ఎటూ మిగిలిపోతుంది. వాళ్లని పిలిచి మనతో కూర్చోబెట్టుకోవడానికి ఏం అడ్డం?

ఇంకో మాట, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. గంటకి వంద డాలర్లు పోసి కోచింగ్ ఇప్పించే ముందు పిల్లల్ని ఒక వేసవి క్యాడీగా పంపండి. "మా అబ్బాయి ఎవరి బ్యాగులో మోయడమేంటండీ" అన్న మాట నేను విన్నాను. పాతకాలపు గోల్ఫ్ ఆటగాడు చిక్ ఎవాన్స్ కూడా బ్యాగులు మోసినవాడే. 1916లో ఒకే ఏడాది యూఎస్ ఓపెన్, యూఎస్ అమెచ్యూర్ రెండూ గెలిచి, ఆ పేరు మీద వచ్చిన డబ్బుని క్యాడీల చదువుకి పెట్టాడు. 1930లో మొదలైన ఎవాన్స్ స్కాలర్‌షిప్ ఈనాటికీ క్యాడీలకి కాలేజీ ఫీజు, వసతి ఇస్తోంది. ఇంటి ఆర్థిక పరిస్థితి కూడా చూస్తారు కాబట్టి మన పిల్లల్లో చాలామందికి అది రాకపోవచ్చు, రాకపోయినా నష్టం లేదు. నాలుగు గంటలు ఎండలో నడిచి, పెద్దవాళ్లు ఆటలో ఓడినప్పుడు ఎలా ప్రవర్తిస్తారో దగ్గర్నుంచి చూసి, తన చేత్తో సంపాదించుకుని ఇంటికొచ్చే పిల్లకి ఏ కోచ్ చెప్పలేనిది తెలుస్తుంది.

కాబట్టి నిర్వాహకులకి నా విన్నపం. ఈసారి గోల్ఫ్ డే ఫారంలో స్పాన్సర్ల కాలమ్ కింద రెండు గడులు కలపండి. వచ్చిన మొత్తంలో కొంత క్యాడీల స్కాలర్‌షిప్‌కి ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని ఒకటి. ఆ రోజు బ్యాగులు మోయడానికి మీ ఇంటి నుంచి ఎవరు వస్తారని ఇంకొకటి. రెండో గడిలో మా అమ్మాయి పేరు రాసి ఇవ్వడానికి నేను సిద్ధం.