తాళాల గుత్తితో పాటు తర్ఫీదు కూడా

పాతికేళ్లు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడికి పదోన్నతి ఉత్తర్వు వస్తుంది. ఆ సాయంత్రమే బీరువా తాళాలు, క్యాష్‌బుక్, టీసీ పుస్తకం, బడి వివరాలు నమోదు చేసే ఆన్‌లైన్ వ్యవస్థ ‘ఎమిస్’ పాస్‌వర్డ్ చేతికొస్తాయి. తెల్లారేసరికి ఆయన ప్రధానోపాధ్యాయుడు (హెచ్‌ఎం). పాఠం చెప్పడంలో ఆయనకు తిరుగులేకపోవచ్చు. పదిమంది చేత బాగా చెప్పించడం వేరే విద్య. ఆ విద్య నేర్పకుండానే బడిని అప్పగిస్తున్నాం. చెన్నైలో మన తెలుగు బడులకు ఈ లోటు మరీ ఎక్కువ.

ఉపాధ్యాయులతో పాటు ప్రధానోపాధ్యాయులకూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. తమిళనాడు ఆ విధానాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన వేరు, 50 గంటల లెక్క మాత్రం ఎవరికైనా పనికొచ్చేదే. పదోన్నతికి ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) తప్పనిసరి అని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. టెట్‌లోని 150 ప్రశ్నలు శిశు వికాసం, భాష, సబ్జెక్టుల మీద ఉంటాయి. బడి నడిపే నేర్పు అందులో తేలదు.

మొదటి గండం ఛార్జి పుచ్చుకునే రోజే. మొహమాటానికి పోయి, జాబితా చూడకుండా సంతకం పెట్టేస్తారు. ఏడాది తిరిగాక ఆడిట్ అభ్యంతరం వస్తే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవారే. క్యాష్‌బుక్ నిల్వను బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూడాలి. తేడా ఉంటే ఇంకా మారని చెక్కుల వివరం రాయించుకోవాలి. టీసీ పుస్తకంలో వాడని ఫారాలను వరుస నంబర్ల ప్రకారం లెక్కించాలి. స్టాకు రిజిస్టరులోని బల్లలు, కంప్యూటర్లు గదుల్లో ఉన్నాయో లేదో తిరిగి చూడాలి. కనిపించనిది ఏదైనా ఉంటే, సంతకానికి ముందే ఛార్జి లిస్టులో ఆ మాట రాయాలి. ఒక పూట కూర్చోబెట్టి నేర్పితే వచ్చే పని ఇది.

అంతకన్నా కష్టమైనది, శిక్షణలో ఎక్కువ కాలం కేటాయించాల్సినది తరగతి పరిశీలన. ఇప్పుడు జరిగేదేమిటి? హెచ్‌ఎం వెనక బెంచీలో పది నిమిషాలు కూర్చుని, నోట్సు తిరగేసి, రిజిస్టరులో ‘బాగుంది’ అని రాసి వెళ్తారు. లేదంటే పిల్లల ముందే తప్పు దిద్దుతారు. పరిశీలన అంటే మెమోకు ముందుమాట అన్న భయం పాతుకుపోయింది కాబట్టి, ఉపాధ్యాయులు ఆ రోజుకు చెప్పేసిన పాఠాన్నే మళ్లీ చెబుతారు. పిల్లలు జవాబులు గడగడా అప్పజెబుతారు. ఎవరికీ ఏమీ ఒరగదు.

చేయాల్సిన తీరు వేరు. ముందు పది నిమిషాలు మాట్లాడి, ఆ పాఠంలో దేన్ని గమనించమంటారో ఉపాధ్యాయుణ్నే అడగాలి. పీరియడ్ 40 నిమిషాలూ కూర్చోవాలి. తీర్పు కాదు, కంటికి కనిపించింది రాయాలి: ‘తొమ్మిది ప్రశ్నలు అడిగారు, ఏడు ముందు రెండు బెంచీలకే వెళ్లాయి, ప్రశ్న వేసిన వెంటనే జవాబూ మీరే చెప్పేశారు.’ ఇలా రాస్తే ఉపాధ్యాయుడు కాదనలేడు, నొచ్చుకోడు. అదే రోజు పావుగంట మాట్లాడి, మార్చుకోవాల్సింది ఒక్కటే ఎంచుకోవాలి. అయిదారు చెబితే ఒక్కటీ జరగదు. హెచ్‌ఎం టైంటేబుల్‌లో వారానికి రెండు పీరియడ్లు దీనికే కట్టిపెడితే, పదిమంది ఉన్న బడిలో అయిదు వారాలకోసారి ప్రతివారి వంతూ వస్తుంది. ఆ పీరియడ్లను సెలవు పెట్టినవారి తరగతులకు మళ్లించడం మొదలైతే పద్ధతి అంతటితో సరి.

ఇక మన బడుల సంగతి. ముఖ్య విద్యాధికారి ‘సెయల్‌మురైగళ్’ (ఉత్తర్వులు) తమిళంలో వస్తాయి, శిక్షణా తమిళంలోనే సాగుతుంది. రాష్ట్ర భాష నేర్చుకోవాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ తెలుగు వాచకం చెప్పే తరగతిలో కూర్చుని, పిల్లవాడు ‘వత్తు’ దగ్గర ఎందుకు ఆగుతున్నాడో పట్టుకోవాలంటే తెలుగు చదవడం వచ్చిన సలహాదారు కావాలి. ఉత్తర చెన్నైలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలు రెండు లిపులూ ఒకేసారి మోస్తున్నారు. వాళ్ల తడబాటును మందబుద్ధిగా లెక్కగట్టకుండా చూడాల్సింది హెచ్‌ఎమ్మే. బడి నిర్వహణ కమిటీ సంగతీ అంతే: విద్యాహక్కు చట్టం ప్రకారం సభ్యుల్లో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు. కూలికి వెళ్లే తల్లి పగలు మూడింటికి పెట్టే సమావేశానికి ఎలా వస్తుంది?

పదోన్నతికి అర్హుల జాబితా (ప్యానెల్)లో పేరు చేరగానే శిక్షణ మొదలుపెట్టమని మేం ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఛార్జి తీసుకోకముందే రోజుకు ఆరు గంటల చొప్పున అయిదు రోజులు: క్యాష్‌బుక్, రిజిస్టర్లకు ఒకటి, టైంటేబుల్‌కు ఒకటి, కమిటీకి ఒకటి, తరగతి పరిశీలనకు రెండు. ఆ రెండూ హాల్లో కాదు, నడుస్తున్న బడిలో జరగాలి. ఆ 50 గంటల్లో మిగిలిన 20 గంటలు మొదటి ఏడాది పొడవునా, నెలకోసారి రెండేసి గంటలు, సలహాదారు బడికే వచ్చి హెచ్‌ఎం పక్కన కూర్చునేందుకు ఉంచాలి. చెన్నైలో రిటైరైన తెలుగు ప్రధానోపాధ్యాయులున్నారు. వాళ్ల జాబితా తయారుచేసి, ప్రయాణ ఖర్చూ గౌరవ వేతనమూ ఇచ్చి, తనిఖీ అధికారం మాత్రం వారికి ఇవ్వకుండా పంపాలి. తెలుగు సంఘాలు ఈ వేసవిలోనే ఆ జాబితా పని చేపట్టవచ్చు.