కాలు పోయిన హీరో, మన జాలి

‘హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్’ 2010 నాటి యానిమేషన్ సినిమా. పిల్లలకి చూపించండి అని పర్లాకిమిడి చుట్టాల గ్రూపులో పెడితే వచ్చిన మొదటి జవాబు: “బాగానే ఉంది గానీ, చివర్లో పాపం ఆ కుర్రాడి కాలు తీసేశారేంటి?”

ఆ జాలితోనే నాకు పేచీ. నా మటుకు సినిమా మొత్తంలో నిజాయితీగా అనిపించింది అక్కడే. చివర్లో హీరో హిక్కప్‌కి మెలకువ వచ్చి కాళ్లు కింద పెడతాడు. ఒకటి మామూలు పాదం, ఇంకోటి ఇనుప పాదం. ఎవరూ ఏడవరు. అడుగేసి తూలితే అతని నేస్తమైన డ్రాగన్ టూత్‌లెస్ తల ఆసరా ఇస్తుంది, ఇద్దరూ గుమ్మం వైపు నడుస్తారు. డ్రాగన్లు తిరిగే కథలో కాలు మళ్లీ మొలిపించడం ఎంతసేపు? మనవాళ్లయితే గుడి గంటలు మోగించి పరిగెత్తించేసేవాళ్లు.

టూత్‌లెస్ తోక రెక్క సగం పోయింది కూడా హిక్కప్ కొట్టిన దెబ్బకే. దానికి కొత్త రెక్క చేసి, మీద కూర్చుని ఆ రెక్కని ఆడించడానికి తన ఎడమ కాలి కింద పెడల్ పెట్టుకున్నాడు. తర్వాత పోయింది ఆ ఎడమ కాలే. ఇక ఊరి కమ్మరి గాబర్‌కి ఒక చెయ్యి లేదు, ఒక కాలు లేదు. చేతి చోట ఆ పూట కావాల్సిన పనిముట్టు బిగించుకుంటాడు. ఆయన్ని చూసి ఆ ఊళ్లో ఎవరూ అయ్యో అనరు, పని చెప్తారు.

మా వీధి టైలర్ గారిది పోలియో కాలు. మిషన్‌కి మోటారు పెట్టించుకుని, పెడల్‌ని బాగున్న కాలి వైపు జరిపించుకున్నారు. పండగలొస్తే పాతపట్నం నుంచి కూడా జాకెట్లు ఆయన దగ్గరికే వస్తాయి. అయినా గుర్తు చెప్పేటప్పుడు మనం అనేది “ఆ కుంటాయన షాపు” అనే.

మన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు కొండల్లో ఉండే సవరల భాష కోసం కొండలు తిరిగి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా ఆ పని వదల్లేదు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మాటల్ని చెవితో పట్టాల్సిన పని అది! ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం అయిన ఆగస్టు 29న మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ వాడుక భాష గురించి దంచుతారు. చెవుడు సంగతి మాత్రం ఎత్తరు, ఎత్తితే ఆయన్ని తక్కువ చేసినట్టని కాబోలు.

అలాగని సినిమాని నెత్తిన పెట్టుకోవట్లేదు. హిక్కప్ ఊరివాళ్లు వైకింగులు, అంటే పాతకాలపు ఉత్తర ఐరోపా సముద్ర యోధులు. సినిమాలో వాళ్ల టోపీలకి కొమ్ములు పెట్టారు, అసలు వైకింగుల టోపీలకి కొమ్ముల్లేవు, పోనీలెండి. హిక్కప్ తోటి యోధురాలు ఆస్ట్రిడ్ లాంటి గట్టి పిల్లని చివరికి ముద్దు పెట్టడానికి పిలిచారు. ఒళ్లు మండింది మాత్రం దీనికి కొనసాగింపుగా 2011లో వచ్చిన చిన్న సినిమా చూసి. అందులో టూత్‌లెస్ ఒంటరిగా ఎగరగలిగేలా హిక్కప్ కొత్త తోక చేసిస్తాడు. టూత్‌లెస్ ఆ తోకని విరగ్గొట్టి, హిక్కప్ పెడల్ తొక్కితేనే పనిచేసే పాతదే కావాలంటుంది. ఎంత స్నేహమో అని మా గ్రూపులో అందరూ కరిగిపోయారు. ఆ కథ ఎవరికి హాయి? సాయం చేసేవాడికి. ఇంకొకరి తీరిక కోసం కాచుకోకుండా బజారుకెళ్లే వీలుంటే ఏ మనిషైనా వద్దంటాడా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, జనం వచ్చిపోయే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలంది. మొన్న భాషా దినోత్సవానికి టైలర్ గారిని పిలుద్దామన్నాను. హాలు మేడ మీద, లిఫ్టు లేదు. “కుర్చీలో మోసుకొస్తాం, ఫొటో కూడా బాగా వస్తుంది” అన్నారు నిర్వాహకులు. ఆయన రానన్నారు. ఆ రోజు కుట్టాల్సిన జాకెట్లు ఉన్నాయట.