200 మిల్లీసెకన్ల పక్షవాతం

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో నాకు పక్షవాతం వచ్చింది. పావుగంట తరువాత మా ఇంటి గేటు దగ్గర దానంతట అదే పోయింది. ఈ నాలుగు రోజుల్లో ఈ కథ మా వీధిలో ఎన్ని రూపాలు ధరించిందో నాకు తెలుసు కనుక, ఒక్క రూపమైనా నిజానికి దగ్గరగా ఉండాలన్న పట్టుదలతో, పాల కేంద్రానికి కూడా పోలేక ఇంట్లో కూర్చొని దీనిని రాస్తున్నాను.

నేపథ్యాన్ని త్వరగా ముగిస్తాను. వచ్చే నెల కావలిలో మా అక్క కూతురి పెళ్లి. వధూవరుల మీద పద్యాలు రాసి, అచ్చు వేయించి పందిట్లో పంచడం మా ఇళ్లలో తాతల నాటి ఆచారం. ఆ కాగితాలలో లడ్లు చుట్టుకొని పోవడం బంధువులలో అంతే పాత ఆచారం. అందువలన ఈసారి ఐదు సీస పద్యాలు నేనే రాసి, నేనే పాడి, రికార్డు చేసి తలంబ్రాల వేళ మైకులో వినిపిస్తే ఎవరూ వాటిలో ఏమీ చుట్టుకోలేరు కదా అనుకొన్నాను. ఖర్చు ఐదు వేలు దాటరాదని మా ఆవిడ, దొంగ సాఫ్ట్‌వేరు వాడరాదని నేను, చెరొక నియమం పెట్టుకొన్నాము. ముప్ఫై ఏళ్లుగా పిల్లల చేత నీతి పద్యాలు అప్పజెప్పించుకొంటున్న తెలుగు అయ్యవారికి రెండో నియమం తప్పదు.

మొదట ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు దింపుకొన్నాను. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు తయారు చేసి 2000లో లోకం మీదికి ఉచితంగా వదిలినది. ఎర్ర గుండ్రం నొక్కితే రికార్డు అవుతుంది, నల్ల చతురస్రం నొక్కితే ఆగుతుంది. నేను కూడా అక్కడే ఆగవలసింది.

కాని మా ఆవిడ తమ్ముడి కొడుకు ఒకడున్నాడు. బెంగళూరులో ఉద్యోగం. నెలలో ఒక రోజు గిటారు వాయించి, తక్కిన 29 రోజులు గిటారును రికార్డు చేసే పద్ధతుల మీద ఉపన్యసిస్తాడు. ‘మామయ్యా, అది ఎడిటరే కాని డా కాదు’ అన్నాడు. తడ దాటితే అరవ దేశం గనుక, మా వైపు ఎవరైనా ‘డా’ అంటే మొదట కోపం వస్తుంది, అర్థం తరువాత వెతుక్కొంటాము. డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అనే మూడు మాటల తొలి అక్షరాలను కలిపి పలికితే డా అవుతుందట, రికార్డింగు పనంతా ఒకేచోట చేసిపెట్టే సాఫ్ట్‌వేరన్నమాట. పాడుతున్నప్పుడు నా గొంతు నాకే చెవిలో వినబడాలని, అప్పుడే శ్రుతి తప్పినది తెలుస్తుందని వాడి వాదన. ఆడాసిటీలోనూ ఆ సదుపాయం ఉన్నది కాని, వెతికి పెట్టుకొంటే తప్ప మామూలుగా అది ఆపివేసి ఉంటుంది. ఎందుకు ఆపి ఉంచారో దానిని చేసినవారికి తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు.

తరువాత మూడు వారాలు సంబంధాలు చూసినట్టు సాఫ్ట్‌వేర్లు చూశాము. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితమే కాని, దానికోసం ముందు ఆపిల్ వారి యంత్రం కొనాలి. నాడా దొరికిందని గుర్రాన్ని కొనే స్థోమత నాకు లేదు. ప్రో టూల్స్ ఉచిత ప్రతిలో 8 ఆడియో ట్రాకులే ఇస్తారు. నాకు కావలసినవి రెండే, ఒకటి తంబూరాకు, ఒకటి నా గొంతుకు, అయినా ‘ఎనిమిదేనా?’ అని పెదవి విరిచాను. కేక్‌వాక్ అనేది ఒకప్పుడు వందల డాలర్లకు అమ్ముడైనది. యజమానులు 2017లో చేతులెత్తేసిన తరువాత, 2018లో బ్యాండ్‌ల్యాబ్ వారు తీసుకొని ఉచితంగా పంచారు. దాని తెర మీది మీటలన్నీ చూస్తే శ్రీహరికోటలో పెట్టవలసినదేదో పొరపాటున నా లాప్‌టాప్‌లోకి వచ్చిందనిపించింది. ఇంకొక దాని పరీక్షా ప్రతిలో ఎంత పనైనా చేసుకోవచ్చు, దాచుకోనూ వచ్చు. దాచినదానిని మళ్లీ తెరవాలంటే మాత్రం డబ్బు కట్టాలి.

చివరకు రీపర్ కుదిరింది. ఒకప్పుడు మనమంతా కంప్యూటర్లలో పాటలు విన్న వినాంప్‌ను చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ దీనికీ కర్త. నా పాత లాప్‌టాప్ మీద ఆయాసం లేకుండా నడుస్తుంది. 60 రోజులు ఏ కోతా లేకుండా వాడుకోనిస్తారు. నచ్చితే ఇంట్లో వాడుకొనేవారికి ధర 60 డాలర్లు, మన లెక్కలో ఐదు వేల పైచిలుకు. గడువు దాటినా తలుపు మూయరు. తెరిచినప్పుడల్లా చిన్న కిటికీ ఒకటి ఎదురై, ఇంకా కొనలేదని గుర్తుచేసి, కొన్ని సెకన్లు నిలబెట్టి వదులుతుంది. అప్పిచ్చిన మర్యాదస్థుడు బజారులో కనిపించి, ‘కులాసానా’ అని అడిగి, జవాబు చెప్పేదాకా మన ముఖంలోకే చూసినట్టు ఉంటుందన్నమాట.

సాఫ్ట్‌వేరు మీద మూడు వారాలు ఉపన్యసించిన ఆ మేధావి, చెవిలో ఏమి పెట్టుకోవాలో మూడు నిమిషాలు కూడా చెప్పలేదు. ట్రంకు రోడ్డులో ఒక దుకాణానికి పోయి, రికార్డింగుకు ఇయర్‌ఫోన్లు కావాలని అడిగాను. దుకాణం కుర్రవాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, వైరు లేని బుడిపెల జత ఒకటి బల్ల మీద పెట్టి, ‘స్టూడియో క్వాలిటీ సార్, లేటెన్సీ అసలు ఉండదు’ అన్నాడు. లేటెన్సీ అంటే ఏదో రోగమనుకొని, లేనందుకు సంతోషించి, 1,799 రూపాయలు ఇచ్చి తెచ్చుకొన్నాను. రోగమనుకోవడంలో నేను మరీ పొరపడలేదని తరువాత తేలింది.

ఇక సోమవారం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు; నెల్లూరులో రోళ్ల తరువాతి వంతు మనుషులది. రికార్డింగులో రొద పడకూడదని ఫ్యాను కట్టేశాను, కూలరు కట్టేశాను, కిటికీలు మూశాను. గోడల ప్రతిధ్వని రాకుండా బొంత ముసుగు వేసుకొని పాడడం పేదవాడి స్టూడియో అని మావాడు చెప్పినందున, పెళ్లైన కొత్తలో అత్తగారు కుట్టించి ఇచ్చినదీ, ఈ ఊరికి చలికాలం రాదు కనుక నాటి నుంచి బీరువా మీదే పడి ఉన్నదీ అయిన బొంతను దింపి, తల మీదుగా కప్పుకొన్నాను. చెమటకు బుడిపెలు జారిపోతుంటే తల చుట్టూ తువ్వాలు బిగించి కట్టాను. కుడిచేతిలో మైకు పట్టుకొన్నాను. రీపర్‌లో ఎర్ర మీట నొక్కి, నా గొంతు నాకే చెవిలో వినిపించాలని మావాడు చెప్పిన మానిటరింగ్ గుర్తును కూడా వెలిగించి, మోహనలో రాగం ఎత్తుకొన్నాను.

రాగం బ్రహ్మాండంగా సాగింది. నేను ‘ఆ’ అని సాగదీస్తే వెనుక నుంచి మరొక ‘ఆ’ వచ్చి కలిసి, రంగనాయకుల గుడి మంటపంలో కూర్చొని పాడుతున్నట్టే ఉన్నది. చిక్కు పద్యంతో వచ్చింది. ‘శ్రీకరమ్ముగ’ అని ఎత్తుకొని ‘క’ దగ్గరికి వచ్చేసరికి చెవిలో ‘శ్రీ’ వినిపించింది. ఇంకా శ్రీ దగ్గరే ఉన్నాననుకొని నాలుక వెనక్కు పోయి మళ్లీ ‘శ్రీ’ అన్నది; అంతలో చెవిలో ‘క’ వచ్చింది. సరే, ముందుకే పోదామని ‘ర’ అంటే చెవిలో రెండో ‘శ్రీ’. వచ్చే మాటకు, పోయే మాటకు నోట్లో దారి చాలక, చివరకు బయటపడినది ‘శ్రీ శ్రీక కశ్రీ రకక’ అనేది. యతి లేదు, ప్రాస లేదు, అసలు తెలుగే కాదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. కంప్యూటరు శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా కోసి, 512 ముక్కలకు ఒక బుట్ట చొప్పున మోస్తుందనుకొందాము. ఒక బుట్ట నిండడానికి పట్టేది సుమారు 12 మిల్లీసెకన్లు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్లయితే ఇటువంటి బుట్టలు రెండు మూడు గడిచినా నాలుక కంగారు పడదు. బ్లూటూత్ అట్లా కాదు. శబ్దాన్ని మూట కట్టి, గాలిలో పంపి, చెవి దగ్గర మూట విప్పి ఇస్తుంది కనుక సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. దుకాణం కుర్రవాడు అసలు ఉండదన్న లేటెన్సీ ఈ ఆలస్యమే. శబ్దం గాలిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి 200 మిల్లీసెకన్లకు సుమారు 69 మీటర్లు పోతుంది. అంటే మా వీధి చివర పాల కేంద్రం దగ్గర ఇంకొక నేను నిలబడి, నేననే మాటనే నాతోపాటే అంటూ ఉంటే, నేను ఇంట్లో కూర్చొని అతనితో గొంతు కలపడానికి ప్రయత్నిస్తున్నానన్నమాట. మనిషి తన మాటను సుమారు ఇంత ఆలస్యంగా తానే వింటే నాలుక తడబడుతుందని 1950 ప్రాంతంలోనే పరిశోధకులు గమనించారు. డెబ్బై ఏళ్లు గడిచినా ఆ సంగతి అచ్చు వేయడానికి డబ్బా మీద చోటు దొరకలేదు. ‘స్టూడియో’ అని వేయడానికి మాత్రం నాలుగు వైపులా దొరికింది.

ఇదంతా నాకు సోమవారం రాత్రి తెలిసినది. సోమవారం మధ్యాహ్నం నాకు తెలిసినది ఒక్కటే, నా నాలుక పడిపోయిందని.

బొంత కింది నుంచి ఏదో మూలుగు వినిపించి మా ఆవిడ తలుపు తోసుకొని వచ్చి, బొంత ఎత్తింది. గాలి లేని గదిలో, తలకు కట్టుతో, ఒళ్లంతా చెమటలు కారుతూ, ‘కశ్రీ, కశ్రీ’ అంటున్న భర్త ఆమెకు కనిపించాడు. ‘ఏమండీ, ఏమైందండీ?’ అన్నది. నాకు ‘ఏమండీ ఏమండీ ఏమైందండీ ఏమైందండీ’ అని వినిపించింది. నా మాటే కాక లోకం మాట కూడా రెండుగా వినబడుతుండడంతో, జబ్బు నాలుక నుంచి మెదడుకు పాకిందని నేనే నిర్ధారణ చేసుకొన్నాను. చెవిలో బుడిపెలున్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చినా చెప్పగలిగేవాడిని కాను.

ఆమె కేకకు ఎదురింటాయన వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మూడేళ్ల క్రితం వాళ్ల అన్నకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా వీధిలో ఆ శాఖ ఆయనదే. మంచం ముందు నిలబడి, టికెట్లు తనిఖీ చేసే గొంతుతో, ‘అయ్యోరా, ఒకసారి నవ్వండి’ అన్నాడు. నవ్వండి నవ్వండి అని వినిపించింది. ఐదు పద్యాలు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయినవాడికి నవ్వు ఎట్లా వస్తుంది? మర్యాదకు ఒక వైపు పెదవి కదిలించాను. ‘చూసినావామ్మా, నోరు పక్కకు పోతా ఉండాది’ అన్నాడు. తరువాత రెండు చేతులు ఎత్తమన్నాడు. కుడిచేతిలో 2,400 రూపాయల మైకు ఉన్నది, దాని తీగ లాప్‌టాప్‌కు ఉన్నది. ఎత్తితే రెండూ కింద పడతాయి. ఎడమచేయి ఒక్కటే ఎత్తాను. ‘కుడి చెయ్యి పోయిండాది’ అని ప్రకటించాడు. చివరగా పేరు చెప్పమన్నాడు. నాలుగక్షరాల నా పేరు పదకొండు అక్షరాలైంది. ఆయన ఇక నాతో మాట్లాడడం మానేసి, మా ఆవిడ వైపు తిరిగి, ‘గోల్డెన్ అవరమ్మా, ఆటో పిలవండి’ అన్నాడు. అంత గౌరవంగా నన్ను లెక్కలోంచి తీసివేసినవారు ఇంతవరకు ఎవరూ లేరు.

చేతిలోని మైకును లాగి మంచం మీద పడవేసి, నలుగురు పట్టుకొని నన్ను లేవదీశారు. గది గడప దగ్గర మా ఆవిడ చేతులెత్తి పెంచలకోన స్వామికి మొక్కుకొన్నది. హాలు దాటాము, వరండా దిగాము. గేటు దగ్గర ఆటోలోకి ఎక్కిస్తుండగా, పది నిమిషాలుగా నేను చెప్పడానికి తంటాలు పడుతున్న వాక్యం, ముక్క చెక్కు చెదరకుండా, తరగతి గదిలో పలికినంత స్పష్టంగా బయటికి వచ్చింది: ‘లాప్‌టాప్ ఆపి రండి, రికార్డింగ్ నడుస్తూ ఉన్నది.’

ఇటువంటి బుడిపెల బ్లూటూత్ గోడల మధ్య సాధారణంగా పది మీటర్లు దాటి సరిగా పనిచేయదు. గేటు పన్నెండో మీటరు దగ్గర ఉన్నది. ఈ సంగతి తెలియని మా ఆవిడ గేటు పట్టుకొని భోరున ఏడ్చింది; కండక్టరు గారు కళ్లజోడు తుడుచుకొన్నారు.

అయినా ఆసుపత్రికి తీసుకొని పోయారు. అక్కడ డ్యూటీ డాక్టరమ్మ తల మీది తువ్వాలు విప్పగానే, నీలం దీపం మినుకుమంటూ బుడిపెలు రెండూ మంచం మీద పడ్డాయి. ఆ అమ్మాయి వాటిని చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా స్కానింగు కాగితం మీద సంతకం చేసింది. పరీక్షలకు అయినది 6,200 రూపాయలు. దానితో రీపర్ లైసెన్సు కొని, నాలుగు వందలు పెట్టి వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు తెచ్చుకొన్నా ఇంకా మిగిలేది. రాత్రి బెంగళూరుకు ఫోను చేస్తే, మావాడు రెండు నిమిషాలు నవ్వి, ‘బ్లూటూత్‌తో మానిటరింగ్ ఎవరైనా పెట్టుకొంటారా మామయ్యా, అది అందరికీ తెలిసిందే కదా’ అన్నాడు. ఆ అందరూ ఎవరో కనుక్కొని చెప్పమన్నాను. ఇంతవరకు చెప్పలేదు.

మిగిలినది మొక్కు సంగతి. జబ్బే లేనప్పుడు మొక్కు ఎందుకని వాదించాను. ‘గేటు దగ్గరికి రాగానే ఆ బ్లూటూత్ ఎవరి దయవల్ల తెగింది?’ అన్నది మా ఆవిడ. నువ్వు మొక్కినది కొబ్బరికాయే కదా అని చివరి ప్రయత్నం చేశాను. ఆమె లాప్‌టాప్ తెరిపించింది. పద్యాలకు బదులు ఆ మధ్యాహ్నమంతా రీపర్‌లో 24 బిట్ల నాణ్యతతో, ఫ్యాను రొద లేకుండా, ప్రతిధ్వని లేకుండా పడి ఉన్నది. ‘స్వామీ, ఆయన తలనీలాలు ఇచ్చుకొంటాను’ అన్న మాటలో ప్రతి అక్షరమూ వినిపించింది.

రేపు శనివారం పొద్దున్నే పెంచలకోన బస్సు. పెళ్లికి అక్కడి నుంచి 17 రోజులున్నది. జుట్టు నెలకు సుమారు ఒకటింపావు సెంటీమీటరు పెరుగుతుందట. లెక్క వేస్తే 7 మిల్లీమీటర్లు వచ్చింది.